స్టాటిన్ వేసుకుంటే మాక్రోఫేజ్‌లలో కొలెస్ట్రాల్ ఇరుక్కుపోతుందా?

గాజువాక నుంచి ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరైన వాళ్ళ నాన్నగారికి గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. అప్పట్నుంచి రోజూ రాత్రి అటోర్వాస్టాటిన్ 40 మి.గ్రా. వేసుకుంటున్నారు. ఈ అమ్మాయి సెమినార్ కోసం చదువుతుంటే, స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ తగ్గించే మందు) ఇచ్చిన మాక్రోఫేజ్‌లలో, అంటే చెత్తను మింగే తెల్లకణాల్లో, ఏబీసీఏ1 అనే ప్రొటీన్ తగ్గిపోతుందని కనబడింది. కణంలోంచి కొలెస్ట్రాల్ బయటికి పోయే ముఖ్యమైన దారి అదే. "రక్తంలో తగ్గి, రక్తనాళం గోడలోని కణాల్లో పేరుకుంటే ఇంక లాభమేంటి సార్? పైగా ఇమ్యూనిటీ కూడా పడిపోతుందని ఇంట్లో అంటున్నారు. నాన్న ఈ మాత్ర ఆపెయ్యాలా?"

ఆపొద్దమ్మా. మీరు చదివింది నిజమే. ప్లేట్‌లో పెంచిన మాక్రోఫేజ్‌లకి స్టాటిన్ పోస్తే చాలా ప్రయోగాల్లో ఏబీసీఏ1 తగ్గింది. కానీ దాన్నిబట్టి మీ నాన్నగారి ధమనుల్లో కొలెస్ట్రాల్ పేరుకుంటుందని అనుకోవడం సరికాదు. ఆయన మాక్రోఫేజ్‌లకి అందే కొలెస్ట్రాల్ చాలా వరకు రక్తంలోంచే వస్తుంది, ఆ రాబడిని ఈ మాత్ర దాదాపు సగానికి తగ్గిస్తుంది. స్టెంట్ పడ్డ మనిషి స్టాటిన్ మానేయడం చిన్న విషయం కాదు. మిగతాదంతా తీరిగ్గా చదువుకోండి, ఈ ఒక్కటి మాత్రం ఈ రాత్రే ఇంట్లో చెప్పండి.

నేను ఫార్మకాలజీ పాఠాలు చెబుతాను, సాయంత్రాలు సీతమ్మధారలో పేషంట్లను చూస్తాను. అంతకుముందు కొన్నేళ్ళు మాక్రోఫేజ్‌ల మీదే లాబ్‌లో పనిచేశాను. అందుకే మీ ప్రశ్న చూడగానే ఊరుకోలేకపోయాను.

ముందు కణం సంగతి. మన ఒంట్లో చాలా కణాలకి కొలెస్ట్రాల్ విషయంలో మంచి క్రమశిక్షణ ఉంటుంది. లోపల సరిపడా ఉంటే బయటి ఎల్‌డీఎల్‌ని (రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే రేణువుని) పట్టే రిసెప్టర్లను తగ్గించుకుంటాయి, సొంత తయారీ కూడా తగ్గించుకుంటాయి. దీన్ని బయటపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. మాక్రోఫేజ్‌లో ఈ లెక్క తప్పేది ఒక్క చోట. ధమని గోడలో చిక్కుకుని ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్‌ని అది స్కావెంజర్ రిసెప్టర్లతో మింగుతుంది. సీడీ36, ఎస్‌ఆర్-ఎ లాంటివి. వీటికి "ఇంక చాలు" అని చెప్పే నియంత్రణ లేదు. లోపల ఎంత నిండినా మింగుతూనే ఉంటాయి. మింగినదాన్ని లైసోజోమ్‌లో విడగొట్టి, మిగులును ఎసీఏటీ1 అనే ఎంజైమ్ ఎస్టర్‌గా మార్చి కొవ్వు బిందువులుగా దాస్తుంది. మైక్రోస్కోప్ కింద కణం నురగ పట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి ఫోమ్ సెల్ అన్నారు. కుందేళ్ళకి కొలెస్ట్రాల్ తినిపించి ధమనుల గోడల్లో ఈ జబ్బు పుట్టించవచ్చని 1913లోనే రష్యాలో అనిచ్‌కోవ్ చూపించాడు.

లోపలికి రావడం మీద అదుపు లేకపోతే కణానికి దిక్కు ఏమిటి? బయటికి పంపడమే. కొలెస్ట్రాల్ ఎక్కువైతే ఆక్సీస్టెరాల్స్ పుడతాయి, అవి ఎల్‌ఎక్స్‌ఆర్ అనే గ్రాహకాన్ని లేపుతాయి, అది ఏబీసీఏ1, ఏబీసీజీ1 జన్యువులను లేపుతుంది. మొదటిది కొలెస్ట్రాల్‌ని హెచ్‌డీఎల్‌కి ముడిసరుకైన ఏపో ఏ-1 ప్రొటీన్‌కి అందిస్తుంది, రెండోది తయారైన హెచ్‌డీఎల్‌కి (కొలెస్ట్రాల్‌ని తిరిగి కాలేయం వైపు మోసే రేణువుకి).

ఇప్పుడు స్టాటిన్ పోద్దాం. కొలెస్ట్రాల్ తయారీలో కీలకమైన హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఆగుతుంది, సొంత తయారీ పడిపోతుంది. కణానికి లోటు తెలుస్తుంది, కొలెస్ట్రాల్ తెచ్చుకోమని జన్యువులను లేపే ఎస్‌ఆర్‌ఈబీపీ2 అనే ప్రొటీన్ లేస్తుంది. ఇక్కడ రెండు దారుల్లో ఏబీసీఏ1 దెబ్బతింటుంది. ఒకటి, తయారీ దారిలోనే పుట్టే కొన్ని ఆక్సీస్టెరాల్స్ తగ్గిపోవడంతో ఎల్‌ఎక్స్‌ఆర్ నిద్రపోతుంది. రెండోది నాకు భలే ఇష్టం. ఎస్‌ఆర్‌ఈబీపీ2ని తయారుచేసే జన్యువు ఇంట్రాన్‌లోనే (ప్రొటీన్‌గా మారని ముక్కలోనే) మైక్రో ఆర్‌ఎన్‌ఏ 33 అనే బుల్లి ఆర్‌ఎన్‌ఏ కూర్చుని ఉంటుంది. ఆ జన్యువు చురుకైనప్పుడల్లా ఇదీ పుడుతుంది, పుట్టి ఏబీసీఏ1 తయారీని అడ్డుకుంటుంది. 2010లో ఈ సంగతి బయటికొచ్చినప్పుడు మా లాబ్‌లో రోజంతా అదే చర్చ. "తెచ్చుకో" అన్న ఆజ్ఞా, "బయటికి పోనీకు" అన్న ఆజ్ఞా ఒకే జన్యువులోంచి రావడం ఎంత పొందికగా ఉందో చూడండి.

అంటే కణం చేస్తున్నది పొదుపు. మన వైజాగ్‌లో ఎండాకాలం కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తే డాబా మీది ట్యాంకు నుంచి మొక్కలకి పోయే పైపు కట్టేస్తాం కదా, అలాంటిదే. పైపు కట్టేసి ఉంది కాబట్టి ట్యాంకు పొంగిపోతోందని ఎవరూ అనుకోరు. ఏబీసీఏ1 తగ్గిందంటే చాలాసార్లు లోపల కొలెస్ట్రాల్ తక్కువగా ఉందని అర్థం. సెమినార్‌లో మీ మొదటి స్లైడ్ ఇదే పెట్టండి.

ఇంక ప్లేట్‌లో చూసినదాన్ని మనిషికి అన్వయించే ముందు ఏం చూడాలో చెబుతాను. నేను ఏ పేపర్ తెచ్చినా విద్యార్థులను ముందు అడిగేది ఇదే: కణం ఖాళీదా, నిండినదా? చాలా ప్రయోగాల్లో మాక్రోఫేజ్‌లను లైపోప్రొటీన్లు తీసేసిన సీరంలో పెంచుతారు. పాపం వాటికి సొంత తయారీ తప్ప వేరే ఆధారం ఉండదు. దాన్ని కూడా స్టాటిన్‌తో ఆపితే గగ్గోలు పెట్టక ఏం చేస్తాయి? ధమని గోడలోని ఫోమ్ సెల్ పరిస్థితి పూర్తిగా వేరు. అది బయటి కొలెస్ట్రాల్‌తో నిండి ఉంది, సొంత తయారీ ఎప్పుడో తగ్గించేసుకుంది, ఎల్‌ఎక్స్‌ఆర్ ఇప్పటికే లేచి ఉంది. అక్కడ స్టాటిన్ ఆపడానికి మిగిలిందే కొంచెం. ముందు ఎసిటైలేటెడ్ ఎల్‌డీఎల్‌తో (మాక్రోఫేజ్ మింగేలా మార్చిన ఎల్‌డీఎల్‌తో) నింపి, తర్వాత స్టాటిన్ పోసి చూస్తే ఏబీసీఏ1 మీద దెబ్బ బాగా తగ్గుతుంది. మెలిక లేకపోలేదు. తయారీ దారి చివర్లో పుట్టే డెస్మోస్టెరాల్ కూడా ఎల్‌ఎక్స్‌ఆర్‌ని లేపుతుందని ఎలుకల ఫోమ్ సెల్స్‌లో 2012లో చూపించారు. స్టాటిన్ దాన్ని కూడా తగ్గించగలదు కాబట్టి నిండిన కణంలో ప్రభావం శూన్యం అని నేను అనను.

రెండోది మోతాదు. ప్లేట్‌లో మైక్రోమోలార్లలో పోస్తారు. 40 మి.గ్రా. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో అటోర్వాస్టాటిన్ పతాక స్థాయి కూడా నానోమోలార్లలోనే. మింగిన మందులో ఎక్కువ భాగాన్ని కాలేయం మొదటి విడతలోనే లాగేసుకుంటుంది, ఒళ్ళంతా తిరిగేది సుమారు 14 శాతమే. రోసువాస్టాటిన్, ప్రావాస్టాటిన్ నీళ్ళలో కరిగే రకం, కాలేయ కణాల మీదున్న ప్రత్యేక రవాణా ప్రొటీన్లు లేకుండా సులువుగా లోపలికి పోవు. సింవాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ కొవ్వులో కరిగే రకం కాబట్టి తెల్లకణాల్లోకి కొంత ఎక్కువ పోతాయి. ఆ తేడా వల్ల గుండెపోట్ల లెక్కలో పెద్ద మార్పు ఏమీ కనిపించలేదు, అందుకే ఆ కారణంతో నేను ఎవరికీ మందు మార్చను.

మనుషుల్లో ఏం జరిగిందంటారా? 2006లో వచ్చిన ఆస్టరాయిడ్ అధ్యయనంలో రోసువాస్టాటిన్ 40 మి.గ్రా. రెండేళ్ళు ఇచ్చి, గుండె ధమనుల లోపలికి అల్ట్రాసౌండ్ పెట్టి చూశారు. ఎల్‌డీఎల్ 130 నుంచి 61 దగ్గరికి దిగింది, పూడిక కొంత కరిగింది. మాక్రోఫేజ్‌లు నిజంగా కొలెస్ట్రాల్‌ని బిగబట్టి కూర్చుంటే పూడిక పెరగాలి కదా. తర్వాత వచ్చిన ఎల్లో-2 అధ్యయనం మీ ప్రశ్నకి ఇంకా దగ్గర. స్టాటిన్ మోతాదు పెంచాక పూడిక మీది పీచు పొర మందమైంది. అదే మనుషుల రక్తంలోని తెల్లకణాలను తీసి చూస్తే ఎల్‌డీఎల్ రిసెప్టర్, ఏబీసీఏ1, ఏబీసీజీ1 జన్యువుల చురుకుదనం మారి ఉంది. అంటే మాత్ర తెల్లకణాలను తాకుతోంది, ఆ మార్పుతో పాటే పూడిక గట్టిపడి పగిలే ప్రమాదం తగ్గే వైపు నడుస్తోంది.

నన్ను అన్నిటికంటే ఒప్పించింది మాత్రం స్టాటిన్ మీద జరిగిన పని కాదు. వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ విపరీతంగా ఉండి, స్టాటిన్ పడని వాళ్ళకి పీసీఎస్‌కే9ని (ఎల్‌డీఎల్ రిసెప్టర్లను నాశనం చేసే ప్రొటీన్‌ని) ఆపే ఇంజెక్షన్లు ఇచ్చి, మాక్రోఫేజ్‌లుగా మారే మోనోసైట్‌లను గమనించారు. ఈ ఇంజెక్షన్లు కణంలోని తయారీ జోలికే పోవు, కాలేయం మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లను కాపాడి రక్తాన్ని శుభ్రం చేస్తాయంతే. అయినా మోనోసైట్‌ల లోపల కొవ్వు బిందువులు తగ్గాయి, వాటిని ధమని గోడ వైపు లాక్కెళ్ళే సీసీఆర్2 గ్రాహకం కూడా తగ్గింది. రక్తంలో తగ్గిస్తే తెల్లకణంలో తగ్గుతుందని ఇంతకంటే సూటిగా ఎలా చూపిస్తారు?

దీనికి తిరకాసు కూడా చెప్పాలి. రోగనిరోధక కణాన్నే నేరుగా సరిచేద్దామని బయల్దేరిన మందులు వరసగా బోల్తాపడ్డాయి. ఎసీఏటీని ఆపితే ఫోమ్ సెల్స్ తయారవ్వవు అనుకున్నారు. పాక్టిమైబ్ ఇచ్చి 2006లో చూస్తే పూడికకి మేలు జరగకపోగా కొన్ని కొలతల్లో పరిస్థితి చెడింది. దాచుకునే వీలు లేక విడి కొలెస్ట్రాల్ లోపల పేరుకుంటే కణం చస్తుంది, చచ్చిన కణాల శిథిలాలే పూడిక మధ్యలో మెత్తని గుజ్జవుతాయి. ఎల్‌ఎక్స్‌ఆర్‌ని లేపే మందులు ఏబీసీఏ1ని బ్రహ్మాండంగా పెంచాయి, దాంతో పాటు కాలేయంలో కొవ్వునీ, ట్రైగ్లిసరైడ్లనీ పెంచాయి. గుండెపోటు వచ్చిన వెంటనే ఏపో ఏ-1ని ఎక్కించి, కణాల్లోంచి కొలెస్ట్రాల్‌ని తోడేద్దామన్న ప్రయత్నం 18 వేల మందికి పైగా పాల్గొన్న ఏజిస్-2 ట్రయల్‌లో 2024లో లక్ష్యం చేరలేదు. కాబట్టి "స్టాటిన్ ఏబీసీఏ1ని తగ్గిస్తుంది, అందుకని ఏబీసీఏ1ని పెంచే ఫలానా పొడి మేలు" అని ఎవరైనా డబ్బా చేతిలో పెడితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక ఇమ్యూనిటీ భయం. పెదజాలరిపేట నుంచి వచ్చే ఒక పెద్దాయన ప్రతిసారీ అడుగుతాడు, "ఈ మాత్రేసుకుంటే ఒంట్లో సత్తువ పోద్దట గదా బాబూ?" అని. ఈ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టిందేమీ కాదు. స్టాటిన్ ఆపే తయారీ దారిని మెవలోనేట్ దారి అంటారు, అందులో కొలెస్ట్రాల్ ఒక్కటే పుట్టదు. ఫార్నెసిల్, జెరానైల్‌జెరానైల్ అనే తోకలు కూడా అక్కడే తయారవుతాయి. రో, రాక్ లాంటి ప్రొటీన్లు ఈ తోక తగిలించుకుంటేనే పొర మీద నిలబడి తెల్లకణాన్ని కదిలిస్తాయి, రెచ్చగొడతాయి. స్టాటిన్ వాటిని కొంత తగ్గిస్తుంది. ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేతం వల్ల మాక్రోఫేజ్‌ల మీద లేచే ఎంహెచ్‌సీ-2ని (శత్రువు ముక్కలను మిగతా తెల్లకణాలకి చూపించే ప్రొటీన్‌ని) స్టాటిన్లు అణుస్తాయని 2000లో జెనీవా బృందం చూపించింది. 2018లో ఇంకో సంగతి తెలిసింది: మెవలోనేట్ పేరుకుంటే మోనోసైట్‌లు ఒకసారి తగిలిన దెబ్బని గుర్తుపెట్టుకుని తర్వాత అతిగా స్పందిస్తాయి, స్టాటిన్ ఆ శిక్షణకి అడ్డుపడుతుంది.

ధమని గోడలో ఈ అతి స్పందన తగ్గడం మనకి కావలసిందే. జూపిటర్ ట్రయల్‌లో 17,802 మందికి ఎల్‌డీఎల్ 130 లోపే ఉన్నా, సీఆర్పీ (ఒంట్లో వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) 2 దాటిందని రోసువాస్టాటిన్ 20 మి.గ్రా. లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రోసువాస్టాటిన్ వాళ్ళలో ఎల్‌డీఎల్ సగానికి, సీఆర్పీ 37 శాతం తగ్గాయి, గుండె సంబంధ ఘటనలు 44 శాతం తగ్గాయి. అందులో వాపు తగ్గడం వాటా ఎంత, ఎల్‌డీఎల్ తగ్గడం వాటా ఎంత అన్నది ఆ ట్రయల్‌తో విడదీయలేం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి రక్తనాళాల్లో వాపు మామూలుగానే ఎక్కువ. వాళ్ళకి పిటావాస్టాటిన్ 4 మి.గ్రా. ఇచ్చిన రిప్రీవ్ ట్రయల్‌లో 2023లో గుండె సంబంధ ఘటనలు 35 శాతం తగ్గినట్టు కనిపించింది.

మరి జబ్బులతో పోరాడే శక్తి సంగతి? ఉత్తుత్తి మాత్రతో పోల్చిన ట్రయల్స్‌ని కలిపి చూస్తే స్టాటిన్ వల్ల ఇన్ఫెక్షన్లు పెరిగిన జాడ లేదు. నిజంగా వాపుని అణిచే మందు ఎలా ఉంటుందో కావాలంటే కాన్టోస్ ట్రయల్ చూడండి. అందులో కనాకినుమాబ్ ఎల్‌డీఎల్‌ని కదపకుండానే గుండెపోట్లను తగ్గించింది, కానీ ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కొంచెం పెరిగాయి. స్టాటిన్ ఆ కోవలోది కాదు. వృద్ధుల్లో ఫ్లూ టీకాకి స్పందన కొంచెం తగ్గవచ్చని పరిశీలనాత్మక అధ్యయనాలు చెప్పిన మాట వాస్తవం. నేను చేసేది ఏమిటంటే, టీకా వేయిస్తాను, మాత్రా కొనసాగిస్తాను.

ఇక్కడే అనకాపల్లి నుంచి వచ్చే ఒకావిడ సంగతి చెప్పాలి. కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్. వాపు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆవిడ ఎల్‌డీఎల్ చూస్తే ముచ్చటేసేది. వాపుని అణిచే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక కీళ్ళు తేలికపడ్డాయి, ఎల్‌డీఎల్ పైకి లేచింది. ఇంట్లోవాళ్ళు ఆ ఇంజెక్షన్ చెడ్డదన్నారు. నిజానికి వాపు మండుతున్నప్పుడు రక్తంలో ఎల్‌డీఎల్ తక్కువ కనిపించడం ఈ జబ్బు స్వభావం. ఆవిడ మెడ ధమనిలో అప్పటికే పూడిక ఉంది. స్టాటిన్ చేర్చాం, రెండూ నడుస్తున్నాయి. రోగనిరోధక కణాలూ కొలెస్ట్రాలూ రెండువైపులా లాక్కుంటాయి, రిపోర్టులో ఒక్క అంకె పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

మిగతా మందుల గురించి రెండు ముక్కలు. ఎజెటిమైబ్ పేగులో ఎన్‌పీసీ1ఎల్1 అనే ద్వారాన్ని మూస్తుంది, మాక్రోఫేజ్‌తో నేరుగా పెద్ద సంబంధం లేదు. బెంపెడోయిక్ ఆసిడ్ కాలేయంలోని ఎంజైమ్ మారిస్తేనే పనిచేస్తుంది, ఆ ఎంజైమ్ కండరాల్లో లేదు, అందుకే కండరాల నొప్పులున్నవాళ్ళకి పనికొస్తుంది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా దిగేది ఆరు శాతమే. ఎస్‌ఆర్‌ఈబీపీ2 లేచినప్పుడు పీసీఎస్‌కే9 కూడా లేచి రిసెప్టర్లను నాశనం చేయడం దానికి ఒక కారణం. మీ నాన్నగారికి 40తో లక్ష్యం అందకపోతే 80కి పరుగెత్తకుండా ఎజెటిమైబ్ చేర్చమని నేనైతే అడుగుతాను. అటోర్వాస్టాటిన్ ఒంట్లో చాలాసేపు ఉంటుంది, రాత్రి మర్చిపోతున్నారంటే పొద్దున్న టిఫిన్ తర్వాత వేసుకున్నా ఒకటే.

జాగ్రత్తపడాల్సినవి వేరే ఉన్నాయి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాస్తే స్టాటిన్ వాడుతున్నామని చెప్పాలి. కిడ్నీ మార్పిడి జరిగి సైక్లోస్పోరిన్ వాడేవాళ్ళలో స్టాటిన్ స్థాయి బాగా పెరుగుతుంది, మోతాదు చాలా తగ్గించాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ దీనికి ఎదురు, అటోర్వాస్టాటిన్ ప్రభావాన్ని తగ్గించగలదు. కండరాలు రెండువైపులా నొప్పిగా ఉండి, మూత్రం ముదురు రంగులో వస్తే ఆ రోజే డాక్టర్ని కలవాలి. షుగర్ అంచున ఉన్నవాళ్ళకి ఆ జబ్బు కొంచెం ముందే రావొచ్చు, స్టెంట్ పడ్డవాళ్ళలో దానికంటే లాభమే ఎక్కువ. జలుబూ జ్వరాల మధ్య సీఆర్పీ చేయించుకుని కంగారుపడొద్దు.

మీరు ప్రాజెక్టుగా దీన్ని చేద్దామనుకుంటే మాత్రం టీహెచ్‌పీ-1 కణాలతో (లాబ్‌లో పెంచే మోనోసైట్ రకం కణాలతో) మొదలుపెట్టండి, నాలుగు గుంపులు పెట్టండి: ఖాళీ కణాలు, నింపిన కణాలు, రెండిట్లోనూ స్టాటిన్ ఉన్నవీ లేనివీ. వెస్టర్న్ బ్లాట్‌లో ఏబీసీఏ1 పట్టీ చూసి ఆగిపోవద్దు. లేబుల్ తగిలించిన కొలెస్ట్రాల్ ఎంత బయటికి వచ్చిందో, లోపల ఎస్టర్ ఎంత మిగిలిందో రెండూ కొలవండి. ఇంకో ప్లేట్‌లో స్టాటిన్‌తో పాటు మెవలోనేట్ కూడా కలపండి. దాంతో ఏబీసీఏ1 వెనక్కి వస్తే మీరు చూసింది ఆ దారి పనే. రాకపోతే మోతాదు ఎక్కువై కణాలు చస్తున్నాయేమో ముందు చూసుకోండి.